ధవళుడి దాహం

మా చెల్లెలు చంద్రకళ ఒకే ఒక్క నవల రాసింది. దాని పేరు ‘ధవళుడి దాహం’. ఎనభై అయిదో సంవత్సరం ఎండాకాలంలో అది ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అప్పట్లో చదివినవాళ్ళు కొందరు ఇప్పటికీ తలుచుకుంటారు. “భలే రాసినాడప్పా ఆ కళాధరుడు” అంటారు. కళాధరుడనే మగ పేరు పెట్టుకుని రాసింది మా చంద్రేనని ఎమ్మిగనూరులో మా వీధి దాటితే ఎవరికీ తెలియదు. మా వీధికి మాత్రం బాగా తెలుసు.

అప్పుడు మేం మగ్గాల వీధి మొదట్లో బాడుగింట్లో ఉండేవాళ్ళం. మా నాన్న వెంకోబారావు హైస్కూల్లో పంతులుగా చేసి రిటైరయ్యాడు. నేను ప్రైమరీ స్కూల్లో టీచర్ని. అమ్మ లేదు. ఇంట్లో కన్నడం మాట్లాడుకునేవాళ్ళం, గడప దాటితే తెలుగు. తెల్లవారింది మొదలు వీధంతా మగ్గాల చప్పుడే. ఆ చప్పుడు మధ్యలో చంద్ర బి.ఏ. పాసై ఇంట్లో కూర్చుని, నరసన్న అద్దె పుస్తకాల అంగడిలో ఉన్న నవలలన్నీ ఊదేసింది. చివరికొకరోజు పుస్తకం పక్కన పడేసి, “అక్కా, వీళ్ళెవరికీ రాయడం రాదు. నేనే రాస్తాను” అంది.

“ఏం రాస్తావే?”

“లోకం మాడిపోయినాక ఏమవుతుందో రాస్తాను.”

అలాగే రాసింది. ఒక యుద్ధం వస్తుంది. ఆకాశం నుంచి అగ్గి పడుతుంది. నదిలో ఇసుక కరిగి గాజైపోతుంది. పగటిపూట బయటికొచ్చిన ప్రాణి బతకదు. కోట కింద పాడుబడిన పత్తి మిల్లులో, కుళ్ళిన బేళ్ళ మధ్య మృదుల అనే పిల్ల ఒక్కతే మిగులుతుంది. ఊరి పేరు రాయలేదు గానీ ఆ కోట ఆదోని కోటేనని ఎవరైనా పోల్చుకుంటారు. పొద్దుగూకాక ఆమె దగ్గరికి ఒకడు వస్తాడు. ఎముకలాగా తెల్లనివాడు. వాడే ధవళుడు. ఎండ తగిలితే వాడి ఒళ్ళు కమిలిపోతుంది. వాడికి అన్నం పడదు, నీళ్ళు దిగవు. వాడి దాహం తీర్చేది నెత్తురొక్కటే. కనుచూపు మేరలో మిగిలిన నెత్తురు మృదుల ఒంట్లోదే. ఆమె మీద ప్రేమ కొద్దీ వాడు తాగడు. తాగకుండా ఎన్నాళ్ళుండగలడన్నదే కథ.

ఆ తెల్లనివాడు ఎక్కడి నుంచి వచ్చాడో రెండో భాగం చదివేటప్పటికే నాకు తెలిసిపోయింది. నాలుగిళ్ళ అవతల హులిగమ్మ కొడుకు కాశప్ప పుట్టుకతోనే తెలుపు. జుట్టు, కనుబొమలు, రెప్పలు అన్నీ పత్తి రంగే. ఎండ తగిలితే ఒళ్ళు కందిపోయి బొబ్బలెక్కేది, కళ్ళు తెరవలేకపోయేవాడు. అందుకని పగలంతా ఇంట్లో గుంతమగ్గంలో కూర్చుని నేసేవాడు, దీపాలు పెట్టే వేళకి వీధిలోకి వచ్చేవాడు. చూపు కూడా తక్కువే. దారం కళ్ళకు ఆనించుకుని చూసేవాడు. వీధివాళ్ళు అతన్ని ‘దొర’ అని పిలిచేవాళ్ళు. ఎగతాళిగా మొదలైన పిలుపే గానీ, వాడగా వాడగా అందులో ఎగతాళి పోయింది.

ఆ ఏడు వానల్లేక చెరువులు ఎండాయి, కొళాయిలు ఆగిపోయాయి. వీధి మొత్తానికి ఒక్క బోరింగు. పగలంతా అక్కడ తోపులాట. పొద్దు వాలాక జనం పలచబడితే కాశప్ప వచ్చి ముసలివాళ్ళకి, చిన్నపిల్లలకి కొట్టిపెట్టేవాడు. చంద్ర కూడా ఆ వేళకే బిందె తీసుకుని వెళ్ళేది. ఒకరోజు నేనూ వెంట వెళ్ళాను.

“సంద్రమ్మా, ఈ వారం కతలో నేనేం జేస్తాండా?” అని అడిగాడు కాశప్ప, బోరింగు కొడుతూ.

“ఆకలితో పడి ఉంటావు.”

“వారం వారం ఆకలేనా? ఒగసారన్నా ఇంత పెట్టు తల్లీ.”

చంద్ర నవ్వింది. దాని మొహంలో అట్లాంటి నవ్వు నేను ముందెప్పుడూ చూడలేదు. దారిలో కోప్పడ్డాను. సన్న అక్షరాలు అతనికి ఆనవని, పత్రిక రాగానే తీసుకెళ్ళి చదివి వినిపిస్తుందని అప్పుడే తెలిసింది.

“ఊళ్ళో ఏమనుకుంటారే?”

“ఏమనుకుంటారు? ఆయన నేస్తుంటాడు, నేను చదువుతుంటాను, హులిగమ్మత్త పక్కనే నూలు కండెలు చుడుతుంటుంది. తలుపు బార్లా తెరిచే ఉంటుంది.”

“అంతేనా?”

“అంతే. రమ్మంటే ఇప్పుడే పోతాను. రమ్మనడు. కథంతా ఆ ఒక్కదాని మీదే నడుస్తోందక్కా” అంది.

నాలుగో వారం పత్రికలో బొమ్మ వేశారు. కథలో రాసింది రాసినట్టే గీశాడు ఆ చిత్రకారుడు: తెల్ల జుట్టు, తెల్ల రెప్పలు, తలకు చుట్టిన తువ్వాలు, ఎడమ కనుబొమ మీద గాటు. కాశప్పకు చిన్నప్పుడు మగ్గం కర్ర తగిలి పడిన గాటు అది. నరసన్న ఆ పేజీ తెరిచి అంగడి ముందు తగిలించాడు. “ఓరి, ఈయప్ప మన దొరే గదప్పా!” అని వీధి వీధంతా విరగబడి చూసింది. పిల్లలు ‘ధవళా, ధవళా’ అంటూ అతని వెంట పడ్డారు. కాశప్ప ఆ బొమ్మ కత్తిరించి మగ్గం గుంజకి అతికించుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ హులిగమ్మ దాన్ని చూపించేది. ఆ తల్లి బతుకులో తన కొడుకుని చూడమని ఒకరికి తానుగా చూపించింది అప్పుడేనేమో.

చదువురానివాళ్ళ కోసం నరసన్న సాయంత్రాలు అంగడి మెట్ల మీద కూర్చుని పైకి చదివేవాడు. ధవళుడి మాటలు వచ్చినప్పుడు గొంతు బొంగురు చేసేవాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వినేవాళ్ళు.

ఇంతలో పత్రికవాళ్ళు కబురు చేశారు. పాఠకులకి ప్రేమ మొహం మొత్తుతోందట. ధవళుడు ఎవరి నెత్తురైనా తాగి తీరాలట, లేకపోతే సీరియల్ తొందరగా ముగించెయ్యాలట. చంద్ర రెండు పూటలు అన్నం తినలేదు. తర్వాత కూర్చుని రాసింది. మృదులని ముట్టలేక, దాహానికి ఓర్చలేక, శిథిలాల్లో దారి తప్పి దొరికిన ఒక పసిపిల్లని ధవళుడు ఎత్తుకుంటాడు. జోకొడుతూ, జోకొడుతూనే తాగేస్తాడు. అది నాకు చదివి వినిపించినప్పుడు లేచి తలుపు గడియ వేసి వచ్చాను. మొత్తం నవలలో అంత బాగా రాసిన భాగం ఇంకొకటి లేదు. ఆ మాట దానికీ తెలుసు.

“ఒకసారి తాగితేనే కదక్కా, ఆ తర్వాత తాగకుండా ఉండటానికి విలువ” అంది.

పత్రిక వచ్చిన రోజు కాశప్ప ఇంటికి నన్నూ తీసుకుపోయింది. చదువుతుంటే మగ్గం ఆడుతూనే ఉంది. పసిపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

“పసిబిడ్డదా?” అన్నాడు కాశప్ప.

“కథ కాశప్పా.”

“కతేలే.” పోగు తోసే నాడెని చేతిలోకి తీసుకుని వేలితో తడిమాడు. “ఆ బొమ్మకు నా మొగం యేసినారు గదా. అందుకని అడిగితి.”

మళ్ళీ మగ్గం ఆడింది. చంద్ర మిగతా భాగం చదివింది గానీ గొంతులో ముందున్న ఊపు లేదు.

ఆ శనివారం తిమ్మన్న మనవరాలు చచ్చిపోయింది. ఆరేళ్ళ పిల్ల. ఆ ఎండాకాలం వాంతులు, విరేచనాలతో ఊళ్ళో ఎంతమంది పిల్లలు పోయారో! బోరింగులో నీళ్ళు ఎర్రగా, మట్టి వాసనతో వస్తున్నాయి. కానీ ఆ పిల్ల పోవడానికి ముందురోజు సాయంత్రం, కడవ మొయ్యలేక ఏడుస్తుంటే, కాశప్ప పిల్లని ఒక భుజాన, కడవని ఒక భుజాన పెట్టుకుని ఇంటి దగ్గర దించి వచ్చాడు. అది వీధంతా చూసింది. చూసినప్పుడు ఎవరూ ఏమీ అనుకోలేదు. పిల్ల పోయాక అందరికీ గుర్తొచ్చింది. పిల్ల మెడ మీద మచ్చ ఉందన్నారు. ఇంకెవరిదో ఆవు వట్టిపోయిందన్నారు. చీకటి పడే వేళకే వాడు ఎందుకు బయటికొస్తాడన్నారు. ఆ మాట అన్నవాళ్ళు పాతికేళ్ళుగా అతన్ని చీకటి పడే వేళకే చూస్తున్నవాళ్ళు.

సోమవారం ఒంటిపూట బడి ముగించుకుని ఇంటికొస్తున్నాను. వీధి మధ్యలో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. కేకలు లేవు. అంతమంది ఉన్నా అంత నిశ్శబ్దంగా ఉండటం చూసే నాకు భయం వేసింది. తోసుకుని వెళ్ళి చూస్తే నడి వీధిలో కాశప్ప నిలబడి ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు, తల మీద తువ్వాలు లేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. భుజాలు అప్పటికే ఎర్రగా కమిలిపోయాయి. గుమ్మంలో హులిగమ్మని ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుని ఆపారు. అరిచి అరిచి ఆమె గొంతు పోయినట్టుంది.

నరసన్న చేతిలో పత్రిక గుండ్రంగా చుట్టి పట్టుకుని, గుంపుకి ముందు నిలబడ్డాడు. “ఎవురూ సెయ్యి యేయొద్దప్పా” అంటున్నాడు పెద్దమనిషి తరహాలో. “ఊరికే నిలబెట్టండి. మామూలు మనిషైతే ఏమీ గాదు. కతలో మాదిరి కమిలినాడంటే అప్పుడు మాట్లాడుదాం.”

“నీకు మతి ఉందా నరసన్నా? అది పుట్టుకతో వచ్చిన జబ్బు! ఎండ తగిలితే ఆయన ఒళ్ళు కాలుతుంది” అని అరిచాను.

“మేమేం జేస్తిమి టీచరమ్మా? ఎండ అందరికీ ఒగటే గదా. నువ్వు నిలబడలా? నేను నిలబడలా?”

కాశప్ప చెయ్యి పట్టి ఇంటి నీడలోకి లాగబోయాను. నలుగురు అడ్డం వచ్చారు. అతనే కళ్ళు తెరవకుండా, “వద్దులే పద్మక్కా. నిలబడితే వాళ్ళకే తెలుస్తాది” అన్నాడు. నిలబడితే తాను మనిషినని తెలుస్తుందని అతను నిజంగా నమ్మాడు.

అప్పుడు మా ఇంటి గేటు దగ్గర పెనుగులాట వినిపించింది. నాన్న చంద్ర చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతున్నాడు. “నీ పేరు బయటికి రాకూడదు, చంద్రా. రాకూడదు. నేను పోయి మాట్లాడతాను” అంటున్నాడు. మాట్లాడటానికి కదలడం లేదు. చంద్ర విదిలించుకుని చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. వస్తూనే కొంగు తీసి కాశప్ప తల మీద కప్పి, అతనికీ ఎండకీ మధ్య నిలబడింది.

“ఆ కథ రాసింది నేనే” అంది. “కళాధరుడూ లేడు, ఎవడూ లేడు. మా ఇంట్లో కూర్చుని నేనే రాశాను. అంతా నా నోటికొచ్చిన అబద్ధం. ఈయన్ని వదిలిపెట్టండి.”

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వదిలేస్తారనే అనుకున్నాను. అప్పుడు ఎదురింటి అరుగు మీద, అంతసేపూ తల వంచుకుని కూర్చున్న తిమ్మన్న మెల్లగా లేచాడు. మనవరాలిని పూడ్చి వచ్చిన మనిషి. కళ్ళలో కోపం లేదు.

“నువ్వేనా తల్లీ రాసింది? మన ఈదిలో ఉండుకొనే రాసినావా?”

“అవును తాతా. అంతా అబద్ధం.”

“పసిబిడ్డను ఎత్తుకొని నెత్తురు తాగింది గూడా నువ్వే రాసినావా?”

“నేనే రాశాను.”

తిమ్మన్న వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. “పుస్తకం వచ్చింది బేస్తవారం. మా పాప పోయింది శనివారం” అన్నాడు. “అంటే నీకు ముందే తెలుసునన్నమాట. తెలిసీ మాకు ఒగ మాట సెప్పకపోతివి గదమ్మా.”

చంద్ర కాశప్ప తల మీది కొంగు జారకుండా పట్టుకుంది.

“సూసిందే రాసిందప్పా సంద్రమ్మ” అన్నాడు నరసన్న, గుంపు వైపు తిరిగి. “సూడకుండా అట్ల ఎవురూ రాయలేరు.”

ఏ రచయితకైనా అంతకన్నా పెద్ద మెప్పు దొరకదు. ఆ మాటతో ఆడవాళ్ళు వచ్చి చంద్రని పక్కకి లాగేశారు. ఎవరూ కాశప్పని ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇళ్ళ నీడ సాగి వీధి మధ్యకి వచ్చి అతని కాళ్ళని తాకేదాకా అలాగే నిలబెట్టారు. అప్పటికి వీపంతా బొబ్బలు. కథలో ఉన్నట్టే కమిలిపోయాడు గనక ఇంక అడగాల్సిందేమీ లేదన్నట్టు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

నేనూ హులిగమ్మా అతన్ని ఆదోని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మర్నాడు చంద్ర వచ్చింది. కాశప్ప కళ్ళకు తడిగుడ్డ కట్టి ఉంది. ఎడమ కన్ను ఇంక కనపడదని డాక్టరు మాతో చెప్పాడు. అతనికి ఇంకా చెప్పలేదు. గాజుల చప్పుడును బట్టి చంద్రని పోల్చుకున్నాడు.

“సంద్రమ్మా, ఒగ మాట అడుగుతా. నన్ను సూసినాక కత రాయబుద్దయిందా? కత రాయనీకే నన్ను సూస్తా ఉంటివా?”

నేనైతే ఏదో ఒకటి చెప్పేసేదాన్ని. అబద్ధమైనా చెప్పేదాన్ని. చంద్ర చెప్పలేదు. నిజమేమిటో తనలో తాను వెతుక్కుంటున్నట్టు అలాగే నిలబడింది. ఆ వెతుకులాట అతనికి వినపడినట్టుంది, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

హులిగమ్మ అన్నగారిది ఆదోని అవతల హాలహర్వి. ఆసుపత్రి నుంచి అటే పోయారు. మగ్గం విప్పుకుపోవడానికి ఒక బంధువు బండి కట్టుకొచ్చాడు. వీధిలో ఎవరూ సాయం పట్టలేదు, ఎవరూ అడ్డం రాలేదు. వాళ్ళు పోయిన వారంలోనే వాన పడింది. వీధంతా అరుగులు దిగి తడిసింది. ఎందుకు పడిందో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

చంద్ర రాయడం మానేసింది. మిగతా భాగాలు పంపమని పత్రికవాళ్ళు అడిగారు. నవల ఆపెయ్యమని చంద్ర బతిమాలింది. వాళ్ళు ఇంకెవరి చేతనో రాయించి, అదే పేరుతో వెయ్యడం మొదలుపెట్టారు. ఆ కొత్తాయన చేతిలో ధవళుడు కనపడిన ప్రతి గొంతూ కొరికాడు. వారం వారం అదే బొమ్మ: అవే తెల్ల రెప్పలు, కనుబొమ మీద అదే గాటు.

ఒక బేస్తవారం చంద్ర నాకు మాత్రమే చెప్పి, పొద్దున్నే ఆదోని బస్సెక్కింది. అక్కడ బస్సు మారి హాలహర్వి వెళ్ళింది. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చింది, చేతిలో పత్రికల కట్టతో. ఆ నడివీధి రోజు నుంచి నాన్నకీ దానికీ మధ్య మాటలు లేవు.

హులిగమ్మ కూర్చోబెట్టి అన్నం పెట్టిందట. లోపల మగ్గం ఆడుతోందట. చంద్ర గొంతు విని ఆగి, కాసేపటికి మళ్ళీ ఆడిందట. తిన్నాక హులిగమ్మ మెల్లగా చెప్పిందట. “ఈడ ఎవురికీ ఆ కత తెలీదు తల్లీ. ఎండ పడని పిల్లోడంటే అయ్యో పాపం అంటాండారు. నువ్వు ఈడికి వచ్చి పోతాంటే ఎవురీ పాప, యాడ్నించి వస్తాది అని అడుగుతారు. నీ వెనకాలే ఆ కతా వస్తాది.”

బస్సు కోసం వచ్చి నిలబడితే, అక్కడ బీడీల అంగడిలో దారానికి పత్రికలు వేలాడుతున్నాయి. అట్ట మీద కాశప్ప మొహం. అంగడాయన పేరు ఉరుకుందప్ప. ఉన్నవన్నీ ఇమ్మంటే ఆశ్చర్యపోయి ఇచ్చాడట.

వాటిని నీళ్ళు కాచే కాగు కింద పెట్టి అంటించింది చంద్ర. “ఎన్ని వారాలని కొంటావే?” అన్నాను.

“అది అయిపోయేదాకా” అంది.

ప్రతి బేస్తవారం అలాగే వెళ్ళింది. హులిగమ్మ ఇంటి వైపు తొంగి కూడా చూడలేదు. అంగడి దగ్గర కట్ట విప్పగానే మొత్తం తీసుకుని, వచ్చిన బస్సుకే తిరిగొచ్చేది. ఆ ఎండల్లో అన్ని గంటలు బస్సుల్లో తిరిగి తిరిగి దాని చర్మం నల్లబడిపోయింది. మొహంలో మాత్రం చాలా రోజుల తర్వాత కాస్త నెమ్మది కనిపించింది నాకు. అతని కోసం తాను చెయ్యగలిగింది ఒకటి దొరికినట్టు.

ఒకసారి ఉరుకుందప్ప సంబరంగా అన్నాడట. “మా ఊర్లో ఇంతగా అమ్ముడుబోయిన పుస్తకం ఇంగోటి లేదమ్మా. ఏముందో సూద్దామని అందరూ అడుగుతాండారు. వచ్చే వారానికి ఇంగా శానా తెప్పిస్తాండా.”

ఆ వారం చంద్ర వెళ్ళేసరికి కట్ట విప్పేసి ఉంది. అంగడి ముందు బెంచీ మీద నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకడు పత్రిక తెరిచి, బొమ్మ వైపు చాలాసేపు చూసి, పక్కవాడికి చూపించాడట.

తర్వాతి వారం చంద్ర అంగడి దగ్గర ఆగకుండా నేరుగా పోయి చూస్తే, హులిగమ్మ ఉన్న ఇంటికి తాళం వేసి ఉంది. పక్కనే ఉన్న అన్నగారింట్లో అడిగింది. తెల్లవారకముందే సామాను బండికెత్తి సరిహద్దు దాటి కర్ణాటక వైపు పోయారని చెప్పారు. ఏ ఊరని అడిగితే ఆ ఇంటి ఆడమనిషి తల అడ్డంగా ఊపింది.

“నీకు సెప్పొద్దన్నారమ్మా” అంది.

ఎవరు వద్దన్నారని చంద్ర అడగలేదు. మధ్యాహ్నం బస్సుకే వచ్చేసింది.